మెహతాబ్‌కు పొయ్యాల్సిన నీళ్లు

గిద్దలూరు ముసల్మానుల ఇండ్లల్లో ఆడమనిషి పోయిందంటే ముందు కబురు ఖాతూన్‌బీకే రావాల. ఏడ్చేవాళ్లు తర్వాత, ఒంటికి చుట్టే తెల్ల కఫన్ గుడ్డకు పరిగెత్తేవాళ్లు తర్వాత. పోయిన మనిషికి ఆఖరి నీళ్లు పోసే పని అందరికీ చేతగాదు. ఆడమనిషికి ఆడమనిషే పొయ్యాల. బల్ల మీద పడుకోబెట్టి, పైన దుప్పటి కప్పి, దుప్పటి కిందనే చెయ్యి తిప్పి కడగాల. బల్ల మీద ఏం చూసినా బల్ల దాటి బయటికి రాకూడదు, అది ఆ పనికి కట్టుబాటు. ఎంతమంది ఒళ్లు చూసిందో, ఎన్ని సంగతులు కడుపులో దాచుకుందో ఖాతూన్‌బీకే లెక్క తెలీదు.

మెహతాబ్ సంగతి మాత్రం వేరు. వాళ్లిద్దరూ పెండ్లి కాకముందు మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో పక్కపక్కన కూచోని రాయికి నునుపు పెట్టినోళ్లు. ఒకరి జడలో దుమ్ము ఒకరు దులుపుకున్నోళ్లు. పెండ్లిండ్లయి ఇద్దరూ గిద్దలూరుకే వచ్చి పడినారు. మెహతాబ్ మొగుడు చాంద్ బాషా స్టేషన్ రోడ్డులో బజ్జీల బండి పెట్టినాడు. బండి కాడ ఆయనంత మెత్తని మనిషి లేడు. పిల్లోళ్లు వస్తే పిడికెడు బూందీ ఊరికే చేతిలో పోసేవాడు. ఇంట్లో ఆ మనిషే వేరు. కోపమొస్తే కాగే నూనెలోంచి జల్లిగంటె తీసి పెండ్లాం ఈపుకు ఆనిచ్చేవాడు. గుండ్రటి వాత, అందులో చిల్లుల అచ్చు కూడా తేలేది. ఒకటి మానకముందే ఇంకొకటి. ఆ ఈపుకు వెన్న పూసింది ఈ లోకంలో ఖాతూన్‌బీ ఒక్కతే.

కూతురు నూర్జహాన్‌కు ఈ సంగతి తెలీకూడదని మెహతాబ్ పట్టు. ఆ పిల్లకు నాయనంటే ప్రాణం. బళ్లోంచి వస్తూనే బండి కాడికి పరిగెత్తి నాయన పక్కన నిలబడేది. తల్లి మెడ దాకా కొంగు కప్పుకొని, గడియ పెట్టుకొని స్నానం చేసి, కాపురమంతా అట్లనే ఎల్లదీసింది. చాంద్ బాషా పోయినప్పుడు కూతురు మూర్ఛ పోయింది. తల్లి ఏడ్చిందో లేదో ఎవరూ చూడలేదు. ఆయన్ను సొంతూళ్లో, కొమరోలు అవతల, వాళ్ల పెద్దోళ్ల గోరీల కాడ పెట్టినారు.

నూర్జహాన్ మొగుడు వలి బాషాది కూడా ఆ పక్కే. ఊరికి దూరంగా ఒక రెడ్డి బత్తాయి తోటకు కావిలి ఉంటాడు, కాపురమూ ఆ తోటలోనే. పోయిన వానాకాలం అత్తకు ఆయాసం ఎక్కువైతే తీస్కపోయి వాళ్ల కాడ పెట్టుకున్నాడు. పొయ్యే దినం మెహతాబ్ ఆటో ఎక్కబోతా ఖాతూన్‌బీ చెయ్యి పట్టుకొని చెవిలో చెప్పింది.

“నా నీళ్లు నువ్వే పొయ్యాల. నా బిడ్డ చెయ్యి నా ఈపుకు తగలనియ్యొద్దు.”

ముందు ఎవరు పోతారో ఎవరికి తెలుసే అని ఖాతూన్‌బీ నవ్వింది. మెహతాబ్ నవ్వలేదు. చెయ్యిలో చెయ్యేసి మాటిచ్చేదాకా ఆటో ఎక్కలేదు.

ఎండాకాలం నడిమధ్య ఒక పొద్దున, ఇంటి ముందు నీళ్లు చల్లుతాంటే ఆ కబురు వచ్చింది. వలి బాషా ఫోన్ చేసినాడు. అత్త తెల్లవారుజామున పోయింది. ఎండలు చూస్తే ఇట్ల ఉండాయి, ఐసు పెట్టె తెచ్చే దారి లేదు, మధ్యాన్నం జొహర్ నమాజు కాగానే గోరీల కాడికి జనాజా లేపాల, నువ్వు బిరీన రావాల ఖాతూన్‌బీ అత్తా, పిల్చుకొచ్చేదానికి పంపిద్దామంటే మనిషి లేడు, లొకేషన్ పెడతా అని పెట్టేసినాడు. వాళ్లింట్లో ఉండేది అదొక్కటే ఫోను.

ఖాతూన్‌బీ నీళ్లలో వేసే రేగాకు, కర్పూరం, అత్తరు, దూది ఒక గుడ్డలో మూట కట్టుకుంది. కొడుకు అజ్మల్ ఎలక్ట్రిక్ స్కూటర్ బయటికి తీసినాడు. వాడికి బస్టాండు ఎదురుగా సెల్లు రిపేరు దుకాణం ఉంది. ఆ బండి కొత్తది. ముందర చిన్న టీవీ అంత తెర, అందులో మ్యాపు. ఫోన్లో వచ్చిన లొకేషన్ బండికి పంపితే చాలు, బాణం గుర్తు పడతాది, ఆడమనిషి గొంతు తెలుగులో దారి చెప్తాది. పోయిన వారం ఒకసారి ఆ మ్యాపు రైలు గేటు అవతల ఉండే బండిని గేటు ఇవతల చూపిచ్చింది. అప్పటినుంచి అజ్మల్‌కు దాని మీద ఒక కన్ను ఉంది. ఎవరి సెల్లయినా బాగుచేసేవాడికి సొంత బండి లొంగలేదంటే నామర్దా గదా.

“దావలో ఎవరినన్నా అడుక్కుంటా పోదాం రా” అనింది ఖాతూన్‌బీ వెనక ఎక్కుతా.

“లొకేషన్ ఉండంగ అడిగేదేందమ్మా. అడిగితే ఒకడు ఇట్ల అంటాడు, ఒకడు అట్ల అంటాడు.”

కొమరోలు దాకా బండి నీళ్ల మీద తేలినట్టు పోయింది. ఖాతూన్‌బీ మూట ఒళ్లో పెట్టుకొని, పెదాలు కదిలిస్తా దువా చదువుకుంటాంది. ఊళ్లోకి వచ్చినాక బాణం బజారులోకి తిప్పింది. రెండు సందులు తిరిగి ఒక బట్టల దుకాణం ముందర ఆగింది. మీరు గమ్యం చేరుకున్నారు అని గొంతు చెప్పింది.

ఖాతూన్‌బీ చుట్టూ చూసింది. చీరలు ఏలాడేసిన దుకాణం, పక్కన ఎరువుల అంగడి, ఎదురుగా టీ కొట్టు. బత్తాయి చెట్టు అనేది కంటికి లేదు.

“తోట ఏదిరా?”

అజ్మల్ తెర మీద గుద్దినాడు. జీపీఎస్ తప్పుతాందమ్మా అని చెప్పి, బండి ఆపి, రెండు బ్రేకులూ బిగబట్టి బటన్ నొక్కినాడు. తెర నల్లగయి, మళ్లీ వెలిగింది. జేబులోంచి ఫోన్ తీసి లొకేషన్ మళ్లా బండికి పంపినాడు. ఈసారి బాణం ఊరికి పడమట, కొండల పక్కకు తిరిగింది. చూసినావా, రీస్టార్ట్ చేస్తే దారికొచ్చింది అని వాడు తృప్తిపడినాడు.

ఆ దుకాణంలోనే, కొంచెం ముందు, ఒకడు వచ్చి తెల్లగుడ్డ చింపిచ్చుకొని పోయినాడని ఖాతూన్‌బీకి ఎట్ల తెలుస్తాది. అడిగింటే తెలిసేది. అడగనియ్యలేదు.

తారు రోడ్డు పోయి మట్టి రోడ్డు వచ్చింది. గుంతల్లో బండి ఎగిరెగిరి పడతాంది. ఎండ నెత్తికెక్కుతాంది. బాణం పోయి పోయి ఒక చిన్న పల్లె చివర, చిన్న మసీదు ముందర ఆగింది. గేటుకు గొళ్లెం. లోపల చాప చుట్టిపెట్టుండాది. మనిషి అలికిడి లేదు. మీరు గమ్యం చేరుకున్నారు.

“ఇది మసీదు రా” అనింది ఖాతూన్‌బీ.

“నాకు కనపడతాండాదిలే అమ్మా.”

వలి బాషాకు ఫోన్ చేస్తే ఎంగేజ్. మళ్లా ఎంగేజ్. చావు ఇంటి ఫోను, చుట్టాలందరూ చేస్తాంటారు. చాలాసేపటికి కలిసింది. గాలి హోరులోంచి వలి బాషా, లొకేషన్ పెట్టినా గదా అజ్మల్, అట్లనే వచ్చెయ్, అందరూ మీ అమ్మ కోసమే చూస్తాండారు అని అరిచి పెట్టేసినాడు. గాలి హోరెందుకు ఉందో అజ్మల్ ఆలోచన చెయ్యలేదు. వాడి బుర్రంతా బండి మీదనే ఉంది. మళ్లా రీస్టార్ట్. మళ్లా పంపడం. ఈసారి బాణం వచ్చిన దారినే వెనక్కి తిప్పి, మధ్యలో ఎడమకు, చేన్ల నడుమ బండ్ల బాటలోకి పొమ్మంది.

ఆ బాటలో ఒకసారి బాణం ముందుకు చూపిచ్చింది. అజ్మల్‌కు నమ్మకం చాలక బండి ఆపి ఇంకోసారి లొకేషన్ పంపితే వెనక్కి చూపిచ్చింది. వాడు వెనక్కి తిప్పినాడు. కొంచెం దూరం పోయి మళ్లా పంపితే మళ్లా ముందుకు. దారి పక్కన మేకలు తోలుకుంటాండే ఒకాయన రెండుసార్లు వీళ్లను చూసి, మూడోసారి నిలబడి చూసినాడు. ఖాతూన్‌బీ ఆయన్ను అడగబోయింది, ఈడ బత్తాయి తోట యాడ నాయనా అని. ఆయన చెయ్యెత్తి నాలుగు దిక్కులా తిప్పినాడు. ఏ దిక్కు చూసినా బత్తాయి తోటలే. ఎవురి తోటమ్మా అని ఆయన అడిగేలోపల అజ్మల్ బండి లాగించినాడు.

ఛార్జింగ్ గుర్తు ఎర్రబడింది. పొద్దు నడినెత్తికి వచ్చింది. ఖాతూన్‌బీకి ఇంక దువా కూడా నోట్లో నిలవలేదు. కండ్ల ముందర ఒకటే కనపడతాంది. బల్ల మీద మెహతాబ్, చుట్టూ ఎవరెవరో ఆడోళ్లు, ఇంక ఎంతసేపు చూస్తామమ్మా, కానిద్దాం పట్టండి అంటాండేది, నూర్జహాన్ కత్తెర తీసుకొని తల్లి రవిక కత్తిరిచ్చేది. ఆమె కొడుకు భుజం గుంజింది. నడిచి పోదాం దిగు అనింది. యాడికని నడుస్తావమ్మా అన్నాడు వాడు. 

అజ్మల్ బండి వేపచెట్టు కింద నిలిపి కంపెనీ వాళ్లకు ఫోన్ కలిపినాడు. పాటలు వినిపిచ్చి వినిపిచ్చి చివరికి ఒక అమ్మాయి పలికింది. పేరు, బండి నంబరు, మీ రోజు ఎలా ఉంది సార్. వాడు మ్యాపు తప్పుదోవ పట్టిస్తాండాదని మొత్తుకున్నాడు. సార్, దయచేసి వాహనాన్ని ఆకాశం స్పష్టంగా కనిపించే ప్రదేశంలో నిలపండి అనింది ఆ అమ్మాయి. అజ్మల్ తలెత్తి చూసినాడు. ఆ ఒక్క వేపచెట్టు తప్ప నెత్తిన ఉండేదంతా ఆకాశమే. బండిని ఎండలోకి తోసినాడు. అది కూడా పనిచెయ్యకపోతే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసుకోమనింది. తెర మీద అడిగితే అవును అని నొక్కినాడు.

అదే వాడు చేసిన పెద్ద పని. అప్‌డేట్ అవుతోంది, వాహనాన్ని ఆఫ్ చేయకండి, నడపకండి అని తెర మీద అక్షరాలు వచ్చినాయి. కింద నీలం గీత మొదలయి, చీమ తలకాయంత జరిగి, ఆగిపోయింది. సిగ్నల్ ఉండేది ఒక్క గీతే. హ్యాండిల్ బిగుసుకుంది. బ్రేకు నొక్కితే పలకలేదు. బటన్ నొక్కితే పలకలేదు. పొద్దున్నుంచి తప్పుదోవలోనైనా కదిలిన బండి ఇప్పుడు ఆ దోవలో కూడా కదలదు.

“ఏమాయె?” అనింది ఖాతూన్‌బీ.

“ఆగమ్మా, అప్‌డేట్ అవుతాండాది.”

“అయితే ఏమవుతాది?”

“దారి సరిగ్గా చూపిస్తాది.”

“ఎప్పటికి?”

 అంతలో పడమటినుంచి మోటారు సైకిల్ చప్పుడు వచ్చింది. దుమ్ము లేపుకుంటా ఒక బండి వీళ్ల ముందే దూసుకపోయింది. తోలేవాడు మొహానికి తువ్వాల చుట్టుకున్నాడు. ముందర ట్యాంకు మీద తెల్లగుడ్డ చుట్ట. వెనక తెల్ల టోపీ పెట్టుకున్న గడ్డం హజరత్, మసీదులో నమాజు చదివించే ఆయన, పడిపోతానేమోనని తోలేవాడి నడుము కరుచుకొని కూచున్నాడు. తువ్వాల పైన ఉండే కండ్లు చూసి ఖాతూన్‌బీ గుర్తుపట్టింది. వలి బాషా అని అరిచింది. దుమ్ము తప్ప ఎవరూ తిరిగి చూడలేదు.

అజ్మల్ ఫోన్ తీసి అప్పుడు చూసినాడు, పొద్దుననుంచి చూడాల్సింది. మ్యాపు మీద గుండ్రటి బొమ్మ, అందులో వలి బాషా మొహం. ఆ బొమ్మ చిన్నగా, వాళ్లను దాటుకొని, పక్కకు జారిపోతాండాది. తోట లొకేషన్ కాదది, లైవ్ లొకేషన్. మనిషి యాడికి పోతే అదీ ఆడికి పోతాది. అజ్మల్ పంపినప్పుడల్లా బండికి చేరింది ఆ గడియకు ఆయన ఉండే జాగానే. వలి బాషా కఫన్‌కు పోతే వీళ్లు బట్టల కొట్టుకు పోయినారు, హజరత్ కోసం పోతే మసీదుకు పోయినారు, ఆయన ఊళ్లోకి పోయి వస్తాంటే వీళ్లు చేన్లో ముందుకూ వెనక్కీ తిరిగినారు. బండి తప్పేమీ లేదు. ప్రతిసారీ అది సరిగ్గానే చూపిచ్చింది.

వాడు ఫోన్ తల్లి ముందు పట్టి, కదులుతాండే ఆ బొమ్మను వేలితో చూపిచ్చినాడు. ఆమెకు అర్థమయింది. మూట చంకలో పెట్టుకుంది. 

మేకల ఆయన అప్పటికి దగ్గరికి వచ్చినాడు. పేరు కరుణాకరం. ఇప్పుడు బండి మీద పోయింది వలి బాషా గదా, పెద్దరెడ్డి తోట కావిలి, ఆయన అత్త పోయిందంట పాపం, మీరు ఆడికేనా అని అడిగినాడు. ఆ తోట మీరు దాటుకోనే వచ్చినారమ్మా, ఆ పేరు చెప్పింటే నేను అప్పుడే చెప్తాంటి గదా అన్నాడు. మేకల్ని అజ్మల్‌కు అప్పజెప్పి, బాట పక్కన గట్టుకు ఆనిచ్చుండే తన మోపెడ్ తీసి, ఖాతూన్‌బీని ఎక్కిచ్చుకున్నాడు. అజ్మల్ కదలని బండి పక్కన, వాడి మాట వినని మేకల మధ్య నిలబడిపోయినాడు.

తోట గేటు దాటగానే ఖాతూన్‌బీకి కర్పూరం వాసన తగిలింది. ఆమె తెచ్చిన కర్పూరం మూటలోనే ఉంది. ఇంటి పక్కన చీరలు కట్టి చేసిన మరుగు, దాని కిందినుంచి నీళ్లు పారి బత్తాయి పాదుల్లోకి ఇంకుతాండాయి. నీళ్లు పోసిన బల్ల గోడకు నిలబెట్టినారు, ఇంకా కారుతాంది. ఎవరినీ ఏమీ అడిగే పని లేకపోయింది. మూట పక్కన పెట్టి ఆడనే కూచుంది.

నూర్జహాన్ లోపలినుంచి వచ్చింది. ఏడ్చిన మొహం కాదు. ఏడుపు ఆరిపోయిన మొహం. చిన్నప్పటినుంచి ఖాతూన్‌బీని అమ్మకు చెల్లెలి లెక్కన ఖాలా అనే పిలుస్తాది.

“వచ్చినావా ఖాలా” అనింది.

“నీళ్లు ఎవరు పోసినారమ్మా?”

“నేనే. మొదుట పక్క తోట ఆడోళ్లు ఇద్దరుండిరి. అమ్మను పక్కకు తిప్పినాక వాళ్లను బయటికి పొమ్మన్నా. మిగతాదంతా నేనొక్కదాన్నే పోసినా.” తడి కొంగు పిండుకుంది. “కుడి పక్క ముందు కడగాల గదా, ఏ పక్క ముందు కడిగినానో నాకు తెలీదు. చెల్లుతాదా?”

“చెల్లుతాది. కన్నబిడ్డ పోస్తే చెల్లదా.”

నూర్జహాన్ వచ్చి పక్కన కూచుంది. చుట్టూ మనుషులు తిరుగుతాండారు. ఆమె గొంతు తగ్గించింది.

“ఆ గంటె నేనూ పట్టుకున్నా ఖాలా, బండి కాడ. నాయన చేతిలోంచి తీసుకోని బజ్జీలు దేవేదాన్ని. దాని చిల్లులు నాకు తెలీవా?”

 బల్ల మీద చూసిన సంగతి బయట మాట్లాడకూడదు. ఇన్నేండ్లు ఆ కట్టుబాటు ఆమెకు బరువనిపిచ్చలేదు. ఇప్పుడు అనిపిచ్చింది. కాదు తల్లీ, నువ్వు పొరపాటు పడినావు అని ఒక్క అబద్ధం చెప్పాలని చూసింది. ఆ పిల్ల కండ్ల ముందర అది నోట్లోంచి రాలేదు.

“నీకు తెలుసు” అనింది నూర్జహాన్. తప్పు పట్టినట్టు కూడా అనలేదు. “ఇంకోటి ఉంది ఖాలా. పొద్దున నేనే ఈయన కాళ్లావేళ్లా పడినా, అమ్మను నాయన పక్కనే పెట్టాలని. ఆ పక్క జాగా లేదంటే ఇనలేదు. పాపం ఆయన హజరత్‌ను తెచ్చేలోపల ఊళ్లో పెద్దోళ్లందరి ఇండ్లకు తిరిగి, అడుక్కోని, అందరినీ ఒప్పిచ్చినాడు. గుంత తవ్వినారు. పక్కపక్కనే. ఇప్పుడు ఏమని చెప్పి మార్పిచ్చేది?”

ఖాతూన్‌బీ లేచింది. లేచి నేరుగా వలి బాషా కాడికి పోయింది. ఆయన చెమట తుడుచుకుంటా, మొగోళ్లకు నీళ్లు అందిస్తాండాడు. లైవ్ లొకేషన్ సంగతి అజ్మల్ ఫోన్ చేసి చెప్పినాడేమో, ఆమెను చూడగానే మొహం చిన్నబుచ్చుకున్నాడు. లైవ్ అయితే ఖచ్చితంగా ఉంటాదనుకున్నా అత్తా, ఇట్ల అవుతాదని తెలీదు అన్నాడు. ఆమె ఆ మాట పట్టిచ్చుకోలేదు.

“నాయనా, మెహతాబ్‌ను ఆ జాగాలో కాక వేరే పక్కన పెట్టొచ్చు గదా.”

వలి బాషా తెల్లబోయినాడు. “ఏందత్తా నువ్వనేది? నూర్జహానే గదా అడిగింది. దాని కోసం ఎంతమందిని బతిమాలుకున్నానో నీకు తెలీదు. అయినా ఎందుకు?”

ఎందుకు అనే ఆ ఒక్క మాట దగ్గర ఖాతూన్‌బీ నిలబడిపోయింది. చెప్తే మెహతాబ్ కాపురమంతా దాచిన ఈపును మొగోళ్ల ముందర, హజరత్ ముందర, మామగార్ని ఇప్పటికీ మెచ్చుకునే ఈ అల్లుడి ముందర ఇప్పిపెట్టినట్టు. చెప్పకపోతే ఆ మనిషి పక్కనే పడుకోబెట్టినట్టు. మెహతాబ్ ఏది కోరుకునుండేదో అడుగుదామంటే అడిగే మనిషి లేదు.

ఏంలేదులే, ఊరికే అన్నా అనింది ఖాతూన్‌బీ.

హజరత్ పిలిచినాడు. ఆడోళ్లు చివరిసారి మొహం చూసుకున్నారు. కఫన్‌లో మెహతాబ్ మొహం చిన్నపిల్ల మొహం మాదిరి ఉండాది, గడ్డం కింద దాకా తెల్లగుడ్డ. ఖాతూన్‌బీ వంగి ఆ గుడ్డ అంచు సర్దింది. సర్దే పని కూడా మిగల్లేదు, నూర్జహాన్ బాగానే కట్టింది. మొగోళ్లు జనాజా భుజాలకెత్తుకున్నారు. కలిమా చదువుకుంటా బత్తాయి చెట్ల మధ్యనుంచి ఊరి పక్కకు నడిచినారు. ఆడోళ్లకు గేటు దాకే పోయే వీలు. ఆడనే నిలబడినారు.

నూర్జహాన్ గేటు కమ్మీ పట్టుకోని కదల్లేదు. పక్క తోటనుంచి వచ్చిన ఒక పెద్దామె, మంచిమనిషి, పొద్దుననుంచి నీళ్లు మోసి మోసి అలిసిపోయింది, ఆ పిల్ల ఈపు నిమిరింది.

“ఊరుకో తల్లీ. ఇంక మీ అమ్మకు దిగులు లేదు. మీ నాయన పక్కనే గదా ఉండేది.”

నూర్జహాన్ ఖాతూన్‌బీ చెయ్యి పట్టుకుంది. గట్టిగా, ఎముక నొచ్చేటట్టు. ఖాతూన్‌బీ పట్టుకోనిచ్చింది.